‘ఫీ’ అంటే అన్నేనా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

థాయ్ బాయ్స్ లవ్ ధారావాహికల (ఇద్దరు మగవాళ్ల ప్రేమకథల) గురించి కొంతకాలంగా వస్తున్న ఉత్తరాలను ఈసారి ఒక్కచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను. రాసినవారు కోరినందువల్ల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: 2020 లాక్‌డౌన్ రోజుల్లో, బ్యాంకు పని ముగించుకుని ఇంటికి వచ్చాక ఏమీ తోచక, ‘టుగెదర్’ అనే థాయ్ ధారావాహికను యూట్యూబ్‌లో చూడడం మొదలుపెట్టాను. ఒక్కో ఎపిసోడ్‌ను నాలుగు ముక్కలుగా పెడతారు కదా, మూడో ముక్కతో ఆపి పడుకుందామనుకుంటూనే తెల్లవారేదాకా చూసిన రాత్రులున్నాయి. ఇప్పుడు నాకు నలభై రెండేళ్లు. ఇంకా చూస్తూనే ఉన్నాను. మా చెల్లెలు మాత్రం ‘అక్కా, వాళ్లు అన్నా అని పిలుచుకుంటూనే ప్రేమించుకుంటారట, అదేం వరస?’ అని నవ్వుతోంది. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లలో పేరుకు ముందు ‘పి’ అనే అక్షరమూ, దాని నెత్తిన ఒక కామా లాంటి గుర్తూ కనిపిస్తాయి. అది నిజంగా అన్నా అనే పిలుపేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ చెల్లెలిని తప్పుపట్టలేము. ఎవరు ఎవరిని ఏమని పిలిచారో విని వరస కలుపుకునే అలవాటు మన రక్తంలో ఉంది కనుక, ఆ పిలుపు చెవిన పడగానే ఆమెకు నవ్వు వచ్చింది.

థాయ్ భాషలో తనకన్నా పెద్దవారిని ‘ఫీ’ అనీ, చిన్నవారిని ‘నాంగ్’ అనీ పిలుస్తారు. మీకు సబ్‌టైటిళ్లలో కనిపించే ‘పి’ ఈ ‘ఫీ’యే. (ఈ ‘ఫ’ను కాలేజీ ఫీజులోని ‘ఫ’లాగా కాకుండా, వెనకటి పంతుళ్లు ‘ఫలము’ అన్నప్పుడు పలికినట్లు ఒత్తి పలకాలి.) ఈ రెండు మాటలకూ ఆడ, మగ తేడా లేదు, అన్నయ్యా ఫీయే, అక్కయ్యా ఫీయే. తోబుట్టువులతో మొదలైన ఈ పిలుపు కాలేజీలో ఒక ఏడాది ముందు చేరిన విద్యార్థి దాకా, ఆఫీసులో పక్క కుర్చీలోని పెద్దావిడ దాకా, వీధి చివర నూడుల్స్ బండి నడిపే మనిషి దాకా పాకింది. ఇంతవరకు మన హైదరాబాదు పద్ధతే. కోఠిలో ఆటో మాట్లాడుకున్నా, ఇరానీ హోటల్లో ఇంకో చాయ్ అడిగినా ‘అన్నా’ అనకుండా మనకు నోరు పెగలదు.

తేడా వచ్చేది ఆ తరువాత. మన దగ్గర ఒక అమ్మాయి ఒక అబ్బాయిని మనస్ఫూర్తిగా ‘అన్నా’ అన్నదంటే ఇక ఆ తలుపు మూసుకున్నట్టే. రాఖీ పండుగ రోజున కాలేజీకి డుమ్మా కొట్టే కుర్రాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. తలుపు తెరిచి ఉంచే పిలుపు మనకు వేరే ఉంది, అది ‘బావ’. థాయ్‌లో ఆ రెండు పనులనూ ‘ఫీ’ ఒక్కటే చేస్తుంది. అక్కడ భార్య భర్తను ఫీ అని పిలవడం మామూలు సంగతి, కాబట్టి ప్రేమించినవాణ్ణి ఫీ అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. నిఘంటువు ప్రకారం మీ చెల్లెలి అనువాదం సరైనదే, వరస ప్రకారం మాత్రం తప్పు. ఆమెకు ‘బావా అన్నట్టు అనుకో’ అని చెప్పి చూడండి. అదీ పూర్తిగా అతకదు గాని, నవ్వు ఆగుతుంది.

మీరు అడగకపోయినా ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ ధారావాహికల్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. థాయ్ భాషలో నేను, నువ్వు అనడానికి చాలా మాటలున్నాయి. మర్యాదగా మాట్లాడే మగవాడు తనను ‘ఫోమ్’ అనీ, ఎదుటివారిని ‘ఖున్’ అనీ చెప్పుకుని, వాక్యం చివర ‘ఖ్రప్’ అని చేరుస్తాడు. మన ‘అండి’ చేసే పనే అదీ చేస్తుంది. అదే మనిషి ప్రాణస్నేహితుడి దగ్గర ‘కూ’, ‘ముంగ్’ అనే మాటలకు దిగుతాడు. కొత్తవారి దగ్గర ఈ మాటలు వాడితే తన్నులాటకు పిలిచినట్టు, మిత్రుడి దగ్గర మానేస్తే అలిగినట్టు. మన ‘ఒరేయ్’ కథ కూడా ఇంతే కదా! ఇరవై ఏళ్లుగా ఒరేయ్ అంటున్న స్నేహితుడు ఒకనాడు హఠాత్తుగా ‘మీరు’ అన్నాడంటే ఆ రాత్రి మనకు నిద్ర పట్టదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఈ మాటలన్నిటినీ ‘ఐ’, ‘యూ’ల కింద జమ కట్టేస్తుంది.

2021లో వచ్చిన ‘బ్యాడ్ బడ్డీ’ని తీసుకోండి. పాట్, ప్రాన్ పక్కపక్క ఇళ్లవాళ్లు. పెద్దలకు పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. యూనివర్సిటీలో ఒకడు ఇంజినీరింగ్, ఇంకొకడు ఆర్కిటెక్చర్, ఆ రెండు గుంపులకూ పడదు. అందరి ముందూ శత్రువులుగా కనిపించవలసిన ఈ ఇద్దరూ కూ, ముంగ్ అని కసురుకుంటూనే దగ్గరవుతారు. పోట్లాటలో వాడిన ఆ మాటనే చివరికి ముద్దుగా అనుకుంటూ ఉంటే, ఎక్కడ తిట్టు ఆగిందో ఎక్కడ గారాబం మొదలైందో గొంతును బట్టి మాత్రమే తెలుస్తుంది. ఆ ధారావాహిక అసలు పేరును తెలుగులో చెప్పాలంటే ‘ఉత్త స్నేహితులమేనండీ, స్నేహితులం’ అనాలి. ఎవరో పెద్దవారు నిలదీస్తే తడబడుతూ చెప్పే సంజాయిషీ అది, అందులో ‘అండీ’తో సహా ఉంది. ‘బ్యాడ్ బడ్డీ’ అనగానే ఆ తడబాటు పోయి చాక్లెట్ పేరులా మిగిలింది.

పేర్ల విషయంలో ఈ నష్టం తరచూ జరుగుతుంది. ఫుకెట్‌లో ప్రవేశపరీక్షకు కలిసి చదువుకునే ఇద్దరు కుర్రాళ్ల కథ, 2020లో వచ్చిన ‘ఐ టోల్డ్ సన్‌సెట్ అబౌట్ యు’ థాయ్ పేరుకు ‘నా ప్రేమను నీ మనసుతో అనువదించు’ అని అర్థం. అందులో తే అనే కుర్రవాడు తన మిత్రుడికి చైనా భాష నేర్పుతుంటాడు కనుక ‘అనువదించు’ అన్న మాట ఊరికే వచ్చింది కాదు. మీరు ఇంగ్లీషు అక్షరాల మీదినుంచి చూపు కాస్త ఎత్తి, వాళ్లు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటున్నారో చెవిపెట్టి వినండి. ముఖ్యంగా ఎక్కడ ఆ పిలుపు మారిందో గమనించండి. మంచి రచయిత రాసిన ధారావాహికలో చాలాసార్లు ముద్దు సన్నివేశం కన్నా ముందే అసలు సంగతి అక్కడ జరిగిపోయి ఉంటుంది.

ప్రశ్న: మా కాలేజీలో చేరిన రోజునే ర్యాగింగ్ చేయబోమని సంతకం పెట్టించుకున్నారు. అలాంటిది ‘సోటస్’లో సీనియర్లు వరుసలో నిలబెట్టి అరుస్తుంటే దాన్ని ప్రేమకథ అంటున్నారు. మీకు ఇబ్బందిగా అనిపించలేదా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, ఇబ్రహీంపట్నం

జవాబు: అనిపించింది. సీనియారిటీ, ఆర్డర్, ట్రెడిషన్, యూనిటీ, స్పిరిట్ అనే అయిదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే సోటస్. అక్కడి విశ్వవిద్యాలయాల్లో కొత్త విద్యార్థులను ‘దారిలో పెట్టే’ పద్ధతికి అది పేరు. గద్దించే బాధ్యత తీసుకున్న సీనియర్‌ను ‘ఫీ వాక్’ అంటారు. 2016లో వచ్చిన ఈ ధారావాహిక థాయ్ పేరు కూడా ఇంచుమించు ‘దుష్ట ఫీ వాక్, మొదటి ఏడాది కుర్రాడు’ అనే. మన దగ్గర 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టమూ, 2009 నాటి యూజీసీ నిబంధనలూ ఉండగా, తెల్ల చొక్కాల పిల్లల మీద ఒకడు గొంతు చించుకుంటుంటే చూసి మురిసిపోవడం నాకూ కుదరలేదు.

అయితే మొదటి ఎపిసోడ్‌లోనే ఒక చోట ఆ పెత్తనం బీటలు వారుతుంది. ఇంజినీరింగ్ విభాగానికి చిహ్నమైన పళ్లచక్రాన్ని మీరు ఎలా సంపాదిస్తారని సీనియర్ ఆథిత్ అందరి ముందూ నిలదీస్తే, జూనియర్ కాంగ్‌ఫాప్ ఏమాత్రం తొణకకుండా, మిమ్మల్ని నా భార్యను చేసుకుంటాను, భార్య సొమ్ము భర్తదే కదా అంటాడు. హాలంతా ఘొల్లుమంటుంది. తలవంచుకోవలసినవాడు తలెత్తాడని మొదటిసారి చూసినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. రెండోసారి చూసినప్పుడు ఆ ‘భార్య’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎదుటివాణ్ణి చిన్నబుచ్చడానికి వాణ్ణి ఆడదానితో పోల్చడం మన సినిమాలకూ కొత్త కాదు. ఇద్దరు మగవాళ్ల ప్రేమలోనూ ఒకరు మొగుడు, ఒకరు పెళ్లాం కావలసిందేనన్న ఈ ధోరణి పాత ధారావాహికల్లో మరీ ఎక్కువ.

ఆథిత్ అన్న పేరు మన ఆదిత్యుడేనని మీరు గమనించే ఉంటారు. థాయ్‌లో ఇంజినీరింగ్ చదువును ‘విత్సవకమ్’ అంటారు, అది మన విశ్వకర్మ నుంచి వెళ్లిన మాట. మీ బ్రాంచిలో ఎవరైనా అడిగితే చెప్పండి.

ప్రశ్న: నా వయసు ఇరవై తొమ్మిది. నేను ప్రేమించింది ఒక పురుషుణ్ణి. మా ఇంట్లో ఎవరికీ తెలియదు, పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. ఈ ధారావాహికలు చూస్తున్నంతసేపు సంతోషంగా ఉంటుంది, ఫోన్ పక్కన పెట్టగానే ఏడుపు వస్తుంది. ఇవి మా వంటివారి కథలేనా?
– పేరు వద్దు, హైదరాబాదు

జవాబు: వీటిలో చాలావాటికి మూలం ఇంటర్నెట్‌లో అధ్యాయాలుగా వచ్చిన నవలలు. వాటిని ఎక్కువగా రాసిందీ చదివిందీ యువతులే. ఆ పాఠకురాళ్లను అక్కడ ‘సావ్ వాయ్’ అంటారు. అందువల్ల ‘నాకు మగవాళ్లంటే ఇష్టం లేదు, నువ్వంటేనే ఇష్టం’ అన్న మాట నాయకుడి నోట పదేపదే వచ్చేది. చదివే అమ్మాయికి అది గొప్ప ప్రేమగా తోచవచ్చు గాని, మీకు మాత్రం సొంత కథలోంచి మిమ్మల్నే గెంటేసినట్టు అనిపించి ఉంటుంది. ఆ మాట విన్నప్పుడు మీకు కోపం వస్తే అది న్యాయమైన కోపమే.

తెర మీద కనిపించినంత సులువు అక్కడి బతుకుల్లోనూ లేదు. 2014లో ‘లవ్ సిక్’ వచ్చి ఈ ఒరవడి మొదలైనా, థాయ్‌లాండ్‌లో వివాహ సమానత్వ చట్టం అమలులోకి వచ్చింది 2025 జనవరి 23న. ఈ నడుమ ఎన్ని జంటలను జనం తెర మీద నెత్తిన పెట్టుకున్నారో, బయట అన్నేళ్లూ అలాంటి జంట ఆసుపత్రి కాగితం మీద సంతకానికీ, ఆస్తి పంపకానికీ ఏమీ కానివారుగానే నిలబడవలసి వచ్చింది. మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు మీ ప్రేమ నేరం కాదని చెప్పింది. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కును మాత్రం ఇవ్వలేదు. ఇవి మీకు తెలియనివి కావు.

మీరు ‘మూన్‌లైట్ చికెన్’ చూడకపోతే చూడండి. 2023లో వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లే. పటాయాలో రాత్రిపూట కోడిమాంసం అన్నం అమ్మే జిమ్ అనే నడివయసు మనిషి అందులో నాయకుడు. అతనికి కాలేజీ లేదు, పళ్లచక్రం లేదు. అప్పులున్నాయి, పెంచవలసిన మేనల్లుడున్నాడు, మళ్లీ మనసు ఇవ్వాలంటే భయముంది. ఇంకో పక్క ఆ మేనల్లుడు లి మింగ్, చెవులు వినబడని హార్ట్ అనే కుర్రవాడి కోసం చేతులతో మాట్లాడడం నేర్చుకుంటాడు. పిలుపుల గురించి పైన అంత రాసిన నాకు, ఏ పిలుపూ అవసరం లేని ఆ రెండు జతల చేతులు చాలాకాలం కళ్లముందు మెదిలాయి. ‘బ్యాడ్ బడ్డీ’ చివరలోనూ పాట్, ప్రాన్ ఇంటివాళ్ల దగ్గర విడిపోయినట్లే నటిస్తూ కలిసి బతుకుతారు. పెద్దలు అక్షింతలు వేసి దీవించే ముగింపు కావాలనుకున్నవారు దానికి నొచ్చుకున్నారు; నాకు అది నిజాయితీగా తోచింది, బహుశా మీకూ తోచవచ్చు.

ఇంట్లో ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో లేదో నేను నిర్ణయించలేను. ఆ సంబంధాల విషయంలో మాత్రం, తెలియక వచ్చే ఒక అమ్మాయి జీవితం కూడా అందులో ఉందని మరవకండి. ఏ కారణం చెప్పినా సరే, వాయిదా వేయించండి. 2013లోనే ఈ నగరంలో మీ వంటివారి స్వాభిమాన యాత్ర (ప్రైడ్ మార్చ్) జరిగింది. మీ వంటివారు ఇక్కడ ఒకరిద్దరు కారు.

ప్రశ్న: పదో తరగతి చదివే మా అమ్మాయి ఇవే చూస్తోంది. మాన్పించాలా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అన్నీ ఒకే గాటన కట్టకండి. ‘కిన్ పోర్ష్’ వంటివి మాఫియా, నెత్తురు, పడకగది కలిసిన పెద్దల కథలు. అవి ఆ వయసుకు తగవు. ‘మై స్కూల్ ప్రెసిడెంట్’ వంటిదైతే మీరూ పక్కన కూర్చోండి. బడిలో పాటల బృందం కథ, హాయిగా ఉంటుంది. నడుమ నడుమ పాత్రలు ఉన్నట్టుండి ఏదో క్రీమో, పానీయమో చేత పట్టుకుని దాని గుణగణాలు వర్ణించడం మొదలుపెడితే కంగారు పడకండి, అది కథలో భాగం కాదు.

ప్రశ్న: అభిమాన నటుడిని చూడడానికి బ్యాంకాక్ వెళ్తున్నాను. ‘నేను మీ ఫ్యాన్’ అని థాయ్‌లో ఎలా చెప్పాలి?
– డిగ్రీ విద్యార్థిని, సైదాబాద్

జవాబు: ‘ఫేన్’ అనే మాటను మాత్రం ఒంటరిగా వాడకండి. ఇంగ్లీషు నుంచే వెళ్లినా, థాయ్‌లో దానికి ప్రియుడు, ప్రియురాలు, కట్టుకున్నవారు అనే అర్థం స్థిరపడింది. ‘ఫేన్ ఖ్లప్’ అంటే అభిమాని అవుతుంది. ఆ రెండో ముక్క మింగేశారంటే, వరసలో నిలబడ్డ మిగతా అమ్మాయిలందరూ మీ వైపు తిరిగి చూస్తారు.