ఎల్‌డీపీసీ గ్రాఫ్ షానన్ హద్దు దాటిందా? కోడ్ రేటు చూడు

తమ్ముడూ, కావలిలో చేస్తున్న మీ ప్రాజెక్టులో రేటు 1/2 (పంపే బిట్లలో సగమే అసలు సమాచారం) ఎల్‌డీపీసీ కోడ్‌కి (ప్రసారంలో వచ్చే తప్పుల్ని సరిదిద్దే కోడ్) ఈబీ/ఎన్0 (ఒక్కో సమాచార బిట్ శక్తికీ నాయిస్‌కీ నిష్పత్తి) మైనస్ 1.5 డీబీ (డెసిబెల్) దగ్గరే తప్పులు మాయమవుతున్నాయి, సరేనా అని అడిగావు. కాదు. బీపీఎస్‌కే (ప్రతి బిట్‌నీ +1 లేదా -1గా పంపే పద్ధతి) మీద ఆ రేటుకి షానన్ హద్దే (తప్పుల్లేకుండా పంపడానికి కావలసిన కనీస ఈబీ/ఎన్0) దాదాపు 0.19 డీబీ. అంతకన్నా కింద ఏ కోడూ నమ్మకంగా పనిచేయదు.

నాయిస్ లెక్కలో కోడ్ రేటు వదిలేశావు. సంకేతం ±1 అయితే నాయిస్ వేరియన్స్ (నాయిస్ ఎంత చెదురుతుందో చెప్పే కొలత) = 1/(2 × రేటు × ఈబీ/ఎన్0). ఈబీ/ఎన్0ని డీబీ నుంచి మామూలు అంకెలోకి మార్చాకే ఇందులో పెట్టాలి. 2 డీబీ అంటే 1.585, వేరియన్స్ 0.631 రావాలి. రేటు మరిస్తే 0.315 వస్తుంది, తప్పుల గ్రాఫ్ గీత మొత్తం 3 డీబీ ఎడమకి జరుగుతుంది. అంటే నీ అసలు ఫలితం 1.5 డీబీ చుట్టూ ఉంటుంది. అది మంచి ఫలితమే, దిగులుపడకు. నాయిస్ కోసం తీసిన రాండమ్ అంకెను గుణించాల్సింది వేరియన్స్‌తో కాదు, దాని వర్గమూలం 0.794తో. చాలామంది ఇక్కడే జారతారు.

సున్నా బిట్‌ని +1గా పంపితే ఎల్‌ఎల్‌ఆర్ (బిట్ సున్నానా ఒకటా అన్నదానిపై నమ్మకం కొలత) = 2 × అందిన విలువ / వేరియన్స్. మిన్-సమ్ డీకోడర్‌లో (సమ్-ప్రొడక్ట్ డీకోడర్‌కి సులువు చేసిన రూపం) ఈ స్కేలు తప్పినా బయటపడదు, సమ్-ప్రొడక్ట్‌లో పడుతుంది. అందుకే ముందు సమ్-ప్రొడక్ట్‌తో సరిచూడు. అన్నీ సున్నాల మెసేజ్‌తోనే పరీక్షించకు, డీకోడర్ ఊరికే సున్నాలిచ్చినా పాసైనట్టే కనిపిస్తుంది. ప్రతి బిందువు దగ్గరా కనీసం 100 ఫ్రేములు (ఒక్కసారి కోడ్ చేసి పంపే బిట్ల గుంపులు) తప్పేదాకా నడుపు.