1857-1858 అని ఉన్న బ్రిటిష్ వెండి పతకం ఎవరిదో ఎలా తెలుస్తుంది?

మీ తాతగారి పెట్టెలో దొరికిన పతకం సాహసానికి ఇచ్చిందా, ఎవరిదై ఉంటుంది అని అడిగారు. ఒకవైపు విక్టోరియా రాణి తల, రెండోవైపు సింహంతో నిలబడ్డ స్త్రీ, పైన ఇండియా అని ఉందన్నారు కాబట్టి అది ఇండియన్ మ్యూటినీ మెడల్. సిపాయిల తిరుగుబాటును అణచడంలో పాల్గొన్నవాళ్లందరికీ ఇచ్చారు, సుమారు 2,90,000 పంచారు. సాహసంతో పనిలేదు.

దయచేసి చింతపండుతోనో పీతాంబరితోనో తోమకండి, నల్లగా ఉంటేనే మంచిది. భూతద్దం పెట్టి అంచు చూడండి. సైనికుడి పేరు, రెజిమెంట్ ఇంగ్లిష్ క్యాపిటల్ అక్షరాల్లో గుద్ది ఉంటాయి. అక్కడ అంచు అరిగి పల్చబడినట్టుంటే పాత పేరు చెరిపేశారేమో అని అనుమానించాలి.

నేను పాత పతకాలు సేకరిస్తుంటాను. నా చేతికొచ్చిన ఒకదాని మీద మద్రాస్ ఫ్యూజిలియర్స్ (ఈస్టిండియా కంపెనీ తెల్లసైనికుల దళం) అని, రిబ్బన్ కింద ‘డిఫెన్స్ ఆఫ్ లక్నో’ అనే పట్టీ, అంటే ఏ పోరాటంలో ఉన్నాడో చెప్పే చిన్న వెండి కడ్డీ, ఉంది. అది చూసి, సిపాయిలు ముట్టడించిన లక్నోలోని బ్రిటిష్ స్థావరంలో మొదటినుంచీ చిక్కుకున్నవాడు అనుకుంటాం గానీ, 1857 సెప్టెంబర్ 25న దారి చీల్చుకుని లోపలికెళ్లిన బ్రిటిష్ జనరల్ హేవ్‌లాక్ సేనకు కూడా అదే పట్టీ ఇచ్చారు, ఫ్యూజిలియర్లు ఆ సేనలోవాళ్లు. అంతకుముందు జూన్‌లో తమ అధికారి నీల్ నాయకత్వంలో బనారస్, అలహాబాద్‌లలో ఊళ్లు తగలబెట్టి, దొరికినవాళ్లను దొరికినట్టు ఉరితీసింది కూడా ఈ దళమే. నీల్ లక్నోలోనే చచ్చాడు, మద్రాసు మౌంట్ రోడ్డులో అతని విగ్రహం మీద పెద్ద ఆందోళనే జరిగి 1937లో తీసేశారు. ఇదంతా తెలియకుండా ఆ పతకాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుని మురిసిపోవడం నాకు నచ్చదు, అలాగని పారేయమనీ అనను, మన మీద ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం అది.

మీ పతకానికి ‘సెంట్రల్ ఇండియా’ పట్టీ ఉంటే ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే ఝాన్సీ మీదికి వెళ్లిన బ్రిటిష్ జనరల్ హ్యూ రోజ్ సేనలో హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన సేన) కూడా ఉంది.

పేరు దొరికాక, రాణి రెజిమెంట్ (బ్రిటన్ సొంత సైన్యం) అయితే లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 100 అనే పతకాల జాబితాలు, ఈస్టిండియా కంపెనీ సేన అయితే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు వెతకాలి. అమ్మే ఆలోచన ఉంటే ఒక్క మాట, వందేళ్లు దాటిన వస్తువు కాబట్టి 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మనం విదేశాలకు పంపకూడదు.

అంచు మీద ఏముందో అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ రాయండి, రెజిమెంట్ ఏదో చూసి చెబుతాను.