షుగర్, బీపీ ఉన్నాయి.. కొకోడా ట్రెక్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 54. బ్రిస్బేన్‌లో ఉంటాను. ఆగస్టులో ఆఫీసు మిత్రులతో పపువా న్యూగినీ వెళ్లి, గైడ్ వెంట కొకోడా ట్రాక్ ఎనిమిది రోజుల్లో నడవాలనుకుంటున్నాం. ఇంకా నాలుగు నెలలుంది. షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిపిన మాత్ర వాడుతున్నాను. రోజూ గంటసేపు పార్కులో నడుస్తాను. వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లే అవకాశం ఉంది కానీ, ఇప్పుడున్న మందులతో, పార్కు నడకతో మాత్రం వద్దు.

కొకోడా దారి 96 కిలోమీటర్లు. రోజంతా ఎక్కడం, దిగడమే. మౌంట్ బెల్లామీ దగ్గర ఎత్తు దాదాపు 2,190 మీటర్లు. 1942లో జపాన్, ఆస్ట్రేలియా సైన్యాలు ఇక్కడ తలపడినప్పుడు తూటాలతో పాటు మలేరియా, రక్త విరేచనాలు కూడా సైనికుల్ని పడగొట్టాయి. ఆ దోమలు, ఆ బురద ఇప్పటికీ ఉన్నాయి. అడవి మధ్యలో జబ్బు చేస్తే హెలికాప్టర్ రావాలి, అది రావాలంటే మబ్బు విడవాలి.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీ బీపీ మాత్ర. అందులోని హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో సోడియంను తగ్గిస్తుంది. గంటల తరబడి నడిచేటప్పుడు శరీరం నీటిని పట్టి ఉంచుతుంది. ‘డీహైడ్రేషన్ వస్తుందేమో’ అని దాహం లేకున్నా లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడిపోతుంది. తలనొప్పి, వాంతులు, వేలి ఉంగరం బిగుసుకుపోవడం, మాట తడబడటం దాని గుర్తులు. పక్కవాళ్లు నీళ్లు చాలలేదనుకుని ఇంకా తాగిస్తారు. ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే. దాహం వేసినప్పుడే తాగండి. మాత్ర మార్చాలా అన్నది మీ డాక్టర్‌తో ఈ నెలలోనే మాట్లాడండి. సొంతంగా ఆపొద్దు.

గ్లిమెపిరైడ్‌తో రోజంతా నడిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు, రాత్రి నిద్రలో కూడా. షుగర్ పడిపోతే పట్టే చెమట ఆ అడవిలో తెలియదు, అక్కడ అందరి చొక్కాలూ తడిసే ఉంటాయి. కాబట్టి డోసు తగ్గించడమో మార్చడమో చేయించుకోండి. గ్లూకోజ్ బిళ్లలు జేబులోనే ఉండాలి, సంగతి గైడ్‌కూ తెలియాలి. గ్లూకోమీటర్ స్ట్రిప్స్‌కు చెమ్మ తగలకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ముందే రాయించుకోండి. మోకాళ్ల నొప్పికి ఐబుప్రొఫెన్ వద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ చాలు.

మలేరియా రాకుండా వేసుకునే మందు డాక్సీసైక్లిన్ అయితే బయల్దేరే ముందు రోజు నుంచి రోజూ వేసుకుని, తిరిగొచ్చాక మరో నాలుగు వారాలు వాడాలి. అటోవాక్వోన్-ప్రొగ్వానిల్ అయితే వచ్చాక ఏడు రోజులు. వైవాక్స్ అనే రకం మలేరియా కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా బయటపడుతుంది. అందుకని క్రిస్మస్‌కు జ్వరం వచ్చినా సరే, పపువా న్యూగినీ వెళ్లొచ్చానని డాక్టర్‌కు చెప్పండి.

రోజూ సాయంత్రం బూట్లు విప్పి, టార్చ్ వేసి కాలి వేళ్ల సందులు చూసుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు పొక్కు లేచినా నొప్పి తెలియకపోవచ్చు. వాగుల్లో ఉత్త కాళ్లతో దిగొద్దు.

ముందుగా గుండెకు ట్రెడ్‌మిల్ పరీక్ష, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, సోడియం, కంటి రెటీనా, పాదాల స్పర్శ చూపించుకోండి. అన్నీ బాగుంటే బ్యాగు బరువుతో కొండలు ఎక్కడం, ముఖ్యంగా దిగడం మొదలుపెట్టండి. జులైలో వరుసగా రెండు రోజులు, రోజుకు ఆరేసి గంటలు కొండదారిలో నడిచి చూడండి. మూడో రోజు పొద్దున మామూలుగా లేచి నడవగలిగితే టికెట్లు తీసుకోండి. లేకపోతే మిత్రుల్ని వెళ్లిరమ్మని, మీరు వచ్చే ఏడాదికి పెట్టుకోండి.