మూలన పడేసిన నూనెగుడ్డలు

ప్రశ్న: మాది బరంపురం. పెరట్లో ఉన్న రేకుల గదిలో ఆయిల్ పెయింటింగులు వేస్తుంటాను. కుంచెలు తుడిచిన పాత పంచె ముక్కలను ఒక ప్లాస్టిక్ బకెట్‌లో కుక్కి, అది నిండాక పారేయడం నా అలవాటు. మొన్న సాయంత్రం అందులో చెయ్యి పెడితే లోపలి గుడ్డలు వెచ్చగా తగిలాయి, మాడిన నూనె వాసన కూడా వచ్చింది. రేకుల వేడికి అలాగే ఉంటుందని మావారు అంటున్నారు. కాని ఆ గోడకు అవతల పక్కింటివారి మగ్గమూ పట్టునూలూ ఉండడం వల్ల నాకు దిగులుగా ఉంది. కుంచెలు కడిగిన కిరోసిన్‌ను కాలవలో పోయవచ్చా అనే సంగతి కూడా తెలుపగలరు.
— ఒక పాఠకురాలు, గంజాం జిల్లా

జవాబు: అమ్మా, ఈ విషయంలో మీవారి మాట కన్నా మీ ముక్కు చెప్పిన మాటే నిజం. ముందుగా ఆ బకెట్‌ను ఆరుబయటికి చేర్చి, గుడ్డలన్నీ మునిగేదాకా నీళ్లు పోసి, తరువాతే మిగిలినది చదవండి. పొగ కనిపిస్తే మాత్రం దానిని ముట్టుకోకుండా ఇంట్లోవారిని బయటికి పంపి 101కి ఫోన్ చేయండి.

రేకుల వేడి దానికి తోడై ఉండవచ్చు గాని, అసలు వేడిని పుట్టించింది నూనె. ఆయిల్ రంగులను సాధారణంగా అవిసె నూనెతో నూరుతారు. నీటి రంగు ఆరడమంటే నీరు ఆవిరి కావడమే. అవిసె నూనె అలా ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకొని గట్టిపడుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది. కాన్వాసు మీద పలుచని పూతగా ఉన్నంతసేపు ఆ వేడి ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోతుంది. అదే నూనె గుడ్డ పోగులన్నిటికీ పట్టినప్పుడు గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది, పైగా గుడ్డను ఉండచుట్టి పడేస్తే పుట్టిన వేడికి బయటికి పోయే దారి ఉండదు. వేడెక్కిన కొద్దీ చర్య మరింత వేగమై, చివరకు అగ్గిపుల్ల అవసరం లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఇదంతా జరగడానికి కొన్ని గంటలు పడుతుంది గనుక, మంట లేచే వేళకు మనం గదికి తాళం వేసి నిద్రపోతూ ఉంటాము. తడి ఆరని గడ్డిని వాము వేస్తే నడుమ చెయ్యి పెట్టలేనంత వేడి పుట్టడం రైతులకు తెలుసు. అక్కడ వేడికి మూలం వేరైనా, అది చిక్కుకుపోయే తీరు మాత్రం ఇదే.

1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. చెక్కకు మెరుగు పెట్టేవారు 22వ అంతస్తులో వదిలిపోయిన అవిసె నూనె గుడ్డలే అందుకు కారణం. ఆ మంటల్లో ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు.

ఇకమీదట పని ముగిసిన ప్రతిసారీ గుడ్డలను మడత లేకుండా, ఒకదానిపై ఒకటి పడకుండా, ఆరుబయట తీగ మీద పరచండి. పక్కింటి గోడకు దూరంగా ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. అవి అప్పడంలా బిరుసెక్కాక చెత్తలో వేయవచ్చు. వానాకాలంలో ఆరుబయట ఆరేయడం కుదరదు కాబట్టి, మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో నీళ్లు పోసి, గుడ్డలను పూర్తిగా ముంచి ఉంచి, చెత్త బండి వచ్చిన రోజున ఆ తడితోనే ఇచ్చేయండి. పాత బట్ట పారేయడానికి మనవాళ్లకు చేతులు రావు, ఉతికి దాచుకుందామనిపిస్తుంది. కాని సబ్బుతో ఉతికినా నూనె పూర్తిగా వదలదు, కనుక ఈ ఒక్కచోట పొదుపు వద్దు.

కుంచెల విషయానికి వస్తే, ముందు పాత వార్తాపత్రికతో రంగును వీలైనంత పిండి తీసేస్తే సగం పని అయిపోయినట్టే. ఆ కాగితాలు కూడా నూనెగుడ్డలతో సమానమే. తరువాత కొద్దిగా వేరుశనగ నూనెలో కుంచెను నానబెట్టి తుడిస్తే కుదురులో దాగిన రంగు బయటపడుతుంది. ఆ నూనె ఆరే రకం కాదు కాబట్టి, కుంచెలో మిగిలిపోతే మీ తరువాతి బొమ్మ త్వరగా ఆరదు. అందుకే చివర స్నానపు సబ్బుతో, గోరువెచ్చని నీటితో నురుగు తెల్లబడేదాకా కడగాలి. అరచేతిలో రుద్దే అలవాటుంటే మానుకోండి, కొన్ని రంగుల్లో కాడ్మియం, సీసం ఉంటాయి. మరుగునీరు పోస్తే రేకు కుప్పెలోని జిగురు వదిలి వెంట్రుకలు ఊడిపోతాయి.

కిరోసిన్‌ను గాని టర్పెంటైన్‌ను గాని కాలవలో పోయకూడదు. దానిని గాజు సీసాలో మూతపెట్టి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది, పైన తేరిన దానిని వంచుకొని మళ్లీ వాడుకోవచ్చు. అడుగు మడ్డిని ఆరుబయట పాత రేకు మీద పలుచగా పరచి, ఆరిపోయాక కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. టర్పెంటైన్ ఆవిరి సుమారు 35 డిగ్రీల వద్దనే నిప్పు తగిలితే అంటుకోగలదు. మే నెలలో మీ రేకుల గది ఆ వేడిని సులభంగా దాటుతుంది కాబట్టి, కుంచెలు కడిగేటప్పుడు తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి, అక్కడ అగరువత్తి కూడా వెలిగించకండి.