ఎలుకలు నేల మీద, నష్టం నీటిలో: చాగోస్ దీవుల్లో ఏం జరుగుతోంది?

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో ఎలుకలు తిరిగేది నేల మీద. మరి చుట్టూ పగడపు దిబ్బల్లో చేపలెందుకు తగ్గుతాయన్నది ప్రశ్న. జవాబు పక్షి రెట్టలో ఉంది.

టెర్న్‌లు, బూబీలు అనే సముద్ర పక్షులు దూరపు సముద్రంలో చేపలు తిని, దీవికొచ్చి రెట్ట వేస్తాయి. అందులోని నత్రజని వానకు కొట్టుకొచ్చి దిబ్బల మీది నాచుకూ స్పంజికలకూ అందుతుంది. ఆ నాచు మేసే చేపలకు అదే బలం. ఓడల్లో వచ్చిన నల్ల ఎలుకలు గుడ్లనూ పిల్లలనూ తినేస్తే ఈ దారి తెగిపోతుంది. ఎలుకలున్న ఆరు దీవులనూ, లేని ఆరింటినీ పోల్చిన పరిశోధన 2018లో వెలువడింది: ఎలుకలు లేనిచోట పక్షుల సాంద్రత 760 రెట్లు, నేలకు చేరే నత్రజని 251 రెట్లు, దిబ్బ మీది చేపల మొత్తం బరువు 48 శాతం ఎక్కువ.

ఎలుకల నిర్మూలనలో ఒక్క చూలు ఎలుక మిగిలినా పని మళ్ళీ మొదటికే. బ్రోడిఫాకూమ్ అనే ఎలుకల మందు కలిపిన ఎర గుళికలను దీవి అంతటా, కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు చల్లుతారు. అసలు చిక్కు నేలపీతలతో. ఎరంతా అవే తినేస్తాయి, వాటికేమీ కాదు, ఎలుకకు మిగలదు! అందుకే పీతలున్నచోట మోతాదు పెంచాలి. 2011లో పసిఫిక్‌లోని పాల్మైరా దీవుల్లో నీటి మీదికి వంగిన కొబ్బరిచెట్ల తలల్లోనూ ఎర పెట్టారు. ఎలుకలు పూర్తిగా పోయాయి.