4294967297 ప్రధాన సంఖ్యేనా? – సమాధానం

నమస్తే అండి. 4294967297ని 300 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశానని, ఎక్కడా నిశ్శేషంగా పోలేదని, ఇది ప్రధాన సంఖ్యే అనుకోవచ్చా అని అడిగారు. కాదండి. ఇది 641 × 6700417.

మీ సంఖ్య అసలు రూపం 2³² + 1. ఇదే వరుసలో (32 బదులు ఘాతం 1, 2, 4, 8, 16 పెడితే) ముందు వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధానాలే. దాంతో గణితవేత్త ఫెర్మా ఇదీ అంతేనని నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దీని కారణాంకం 641ని బయటపెట్టాడు.

కాలిక్యులేటర్ లేకుండానే సరిచూడొచ్చు, చాలా అందంగా ఉంటుంది. 641 = 5 × 2⁷ + 1. అంటే 641తో భాగించేటప్పుడు 5 × 2⁷ అన్నది −1తో సమానం. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ విలువ 1. ఇంకోవైపు 641 = 5⁴ + 2⁴, కాబట్టి 5⁴ బదులు −2⁴ రాయండి. −2³² విలువ 1 అయింది, అంటే 2³² + 1కి శేషం సున్నా. అంతే!

ఇకపై ఇలాంటి సంఖ్యకి అన్ని ప్రధానాలనూ ప్రయత్నించకండి, టైమ్ వేస్ట్. 2³² + 1కి ఉండే ప్రతి ప్రధాన కారణాంకం 128 గుణిజానికి 1 కలిపినట్టే ఉండాలి. 129, 257, 385, 513, 641... వీటిలో ప్రధానాలు 257, 641 మాత్రమే. 257తో శేషం 2 వస్తుంది. రెండో ప్రయత్నానికే దొరికేసింది చూడండి.

6700417 సంగతీ అడిగారు కదా, అది ప్రధానమే. దాని వర్గమూలం 2589 లోపే. దాని కారణాంకాలు 2³² + 1కీ కారణాంకాలే కాబట్టి, అక్కడిదాకా 257 కాక చూడాల్సినవి 641, 769, 1153, 1409. శేషాలు వరుసగా 44, 120, 334, 622.