ముందు తీయండి, చూపించాలా వద్దా అన్నది తర్వాత

ప్రశ్న: కామర్స్ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. కొంతకాలంగా నన్ను నేను, నా దగ్గరి స్నేహితులను ఫోటోలు తీస్తున్నాను. నేను క్వీర్ (లైంగికతలోనో జెండర్‌లోనో మామూలు చట్రంలో ఇమడని మనిషి) అనే అనిపిస్తోంది కానీ గే, బైసెక్సువల్, నాన్‌బైనరీ (ఆడ, మగ అన్న రెంటిలో ఇమడనివాళ్లు), వీటిలో ఏ మాట నాకు సరిపోతుందో తేలలేదు. వీటితోనే డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీలో పీజీకి అప్లై చేయాలని ఉంది. ఇంట్లో తెలియదు. ఇది కెరీర్ అవుతుందా? నా గురించి నాకే తేలకుండా ఈ ప్రాజెక్ట్ చేయొచ్చా?

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, మీ టెన్షన్ అంతా అక్కడే ఉందనిపించింది. చేయొచ్చు. అన్నీ తేలాకే కెమెరా పట్టుకోవాలనుకుంటే ఇలాంటి పని ఎవరూ మొదలుపెట్టలేరు. ఫ్రాన్స్‌కు చెందిన ఆర్టిస్ట్ క్లాడ్ కహూన్ 1920లలో గుండుతో ఒకసారి, బరువులెత్తే పహిల్వాన్ వేషంలో ఒకసారి, ఇలా రకరకాలుగా తన ఫోటోలు తానే రూపొందించుకున్నారు. వాటిలో ఏ ఒక్కటీ ‘ఇదే నేను’ అని తేల్చి చెప్పదు, అయినా ఈరోజుకీ వాటి ముందు జనం ఆగి చూస్తారు. ఇంకో సంగతి, వాటిలో చాలావరకు కహూన్ బతికుండగా బయటి ప్రపంచం చూడనే లేదు.

మీకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది కూడా ఇదే. ఫోటో తీయడం ఒక పని, దాన్ని నలుగురికీ చూపించడం వేరే పని, మీ గురించి ఇంట్లో చెప్పడం మూడోది. మీరు ఈ మూడింటినీ ఒకే అప్లికేషన్ గడువుకు ముడిపెట్టేశారు, అందుకే ఊపిరాడట్లేదు. విడదీయండి. తీయడం మాత్రం ఈరోజు కూడా ఆపకండి, ఫోటో పక్కన తేదీ వేసి ఆ పూట ఏమనిపించిందో రెండు వాక్యాలు రాసిపెట్టుకోండి. కొన్నాళ్లకు వరసగా చూస్తే మీరు పదేపదే దేని దగ్గరికి వెళ్తున్నారో, ఎవరి ముందు మీ భుజాలు వదులవుతున్నాయో, ఏ బట్టల్లో సూటిగా కెమెరాలోకి చూస్తున్నారో తెలుస్తుంది. మాట దొరికితే దొరుకుతుంది, దొరక్కపోయినా ఆ ఫోటోల విలువ ఏమీ తగ్గదు.

ఇప్పుడు కాస్త గట్టిగానే ఒక విషయం చెప్పాలి. మీ స్నేహితులు ఫోటో తీయనిచ్చారంటే దాన్ని అడ్మిషన్ కమిటీకి పంపడానికో, ఎగ్జిబిషన్‌లో పెట్టడానికో ఒప్పుకున్నట్టు కాదు. ఆ ఫోటో వల్ల వాళ్ల సంగతి వాళ్ల ఇంట్లోనో ఆఫీసులోనో బయటపడితే ఆ నష్టాన్ని మీరు తీర్చలేరు. దక్షిణాఫ్రికాలో నల్లజాతి లెస్బియన్, ట్రాన్స్ మనుషులను 2006 నుంచి ఫోటోలు తీస్తున్న ఫోటోగ్రాఫర్ జానెలే ముహోలి తన ఫోటోల్లో ఉన్నవాళ్లను ‘పార్టిసిపెంట్స్’ అనే పిలుస్తారు, అంటే ఆ పనిలో వాళ్లూ భాగస్వాములే. అమెరికన్ ఫోటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ న్యూయార్క్‌లో తన స్నేహితుల స్లైడ్ షో వేసిన తొలి రోజుల్లో చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామంది ఆ ఫోటోల్లో ఉన్నవాళ్లే. మీరూ అలాగే ముందు వాళ్లకే చూపించండి. ఎక్కడ, ఎవరికి చూపిస్తారో చెప్పి ప్రతిసారీ విడిగా అడగండి, వాళ్ల అనుమతి రాతలో తీసుకోండి. నిన్న సరే అన్నవాళ్లు ఈరోజు వద్దంటే తీసేయండి, కారణం అడగొద్దు.

ఫోన్‌తో తీస్తే ఫోటోలో లొకేషన్ కూడా చేరొచ్చు, పంపేముందు తీసేయాలి. మీ క్లౌడ్ అకౌంట్ ఇంట్లో ట్యాబ్‌కో టీవీకో కలిసి ఉందేమో ఇవాళే చూసుకోండి, సంగతి ఇంట్లో ఇలా కూడా బయటపడొచ్చు. బ్యాకప్ వేరే చోట ఉంచండి. 2012లో ముహోలి ఇంట్లో దొంగలు పడి హార్డ్ డిస్కులు ఎత్తుకెళ్లారు, ఏళ్ల తరబడి చేసిన పని పోయింది.

కెరీర్ సంగతికొస్తే, వ్యక్తిగత డాక్యుమెంటరీ ఒక్కదానితోనే బతికేవాళ్లు చాలా తక్కువ. పెళ్లిళ్లు, ప్రొడక్ట్ షూట్లు, స్వచ్ఛంద సంస్థల అసైన్‌మెంట్లు, ఫోటో ఎడిటింగ్, పాఠాలు చెప్పడం, వీటిలో ఏదో ఒకటి పక్కన ఉండాలి. ఢిల్లీలో పుట్టిన ఫోటోగ్రాఫర్ సునీల్ గుప్తా 1976లో ఎంబీఏ కోసం న్యూయార్క్ వెళ్లి, అది వదిలేసి లిసెట్ మోడల్ అనే ఫోటోగ్రాఫర్ దగ్గర ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు. ఆ నగరపు గే వీధుల్లో ఆయన తీసిన ఫోటోలు ఇప్పుడు చరిత్ర. కానీ తర్వాత ఆయన ఫోటోలతో పాటు క్యూరేటర్‌గా (ఎగ్జిబిషన్లు రూపొందించేవారిగా), అధ్యాపకుడిగా కూడా పనిచేశారు. మీరు మాత్రం డిగ్రీ వదలొద్దు, ఆఖరి సంవత్సరం కదా, పూర్తి చేయండి. ఫ్రీలాన్సర్లు చాలామంది తడబడేది ఇన్‌వాయిస్‌లు, కాంట్రాక్టులు, పన్నుల దగ్గరే. మీకు అవి ముందే వచ్చి ఉంటాయి.

ఫీజు ఎవరు కడతారన్నది మీరు రాయలేదు. ఇంట్లోవాళ్లే కడితే పోర్ట్‌ఫోలియో చూపించమని అడుగుతారు, అడగడం సహజం కూడా. అందుకే అప్లై చేసేలోపు ఇంకో చిన్న ప్రాజెక్ట్ చేయండి, మీకు నిజంగా ఆసక్తి ఉన్న విషయం మీదే. అది అబద్ధమాడటం కాదు. ఒకే మనిషి రెండు రకాల పని చేయగలరని కమిటీకి కూడా తెలుస్తుంది. ముఖం కనిపించని ఫోటోలతోనూ బలమైన ఫోటోల వరస కట్టొచ్చు. సునీల్ గుప్తా 1986-87లో ఢిల్లీలో గే పురుషులతో చేసిన పనిలో కొన్ని ఫోటోల్లో మనుషులు కెమెరా వైపు చూడరు, ఫోటో పక్కన మాటలు ఉంటాయి. అలా ప్రయత్నించి చూడండి.

రెండు సెట్లు సిద్ధమయ్యాక, ఏది పంపాలో మీరు నమ్మే ఒక్కరితో కూర్చుని తేల్చుకోండి. మీ ఫోటోలు పంపే సమయానికి మీకు ధైర్యం చాలకపోతే రెండో సెట్ పంపండి. కోర్సులో చేరాక మొదటిది కొనసాగించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.